పిల్ల = తల్లి అని రాస్తే ఏమైందంటే

మా చెల్లి ఈమధ్యే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలెట్టింది, దానికి జీవపరిణామం మీద ఓ పాత డౌటు కూడా ఉంది, "అంతా ర్యాండమే అయితే కన్ను లాంటిది ఎలా తయారైందక్కా" అని. రెండిటికీ కలిపి ఒకటే ప్రోగ్రామ్ రాద్దాం కూర్చో అన్నాను.

20 అంకెల నంబరు ఒకటి మనం అనుకోవాలి, కంప్యూటర్ దాన్ని పట్టుకోవాలి. ఉత్త లక్కు మీద వదిలేస్తే సెకనుకి పది లక్షల నంబర్లు చూసినా అన్నీ ఒక చుట్టు తిరగడానికే 31 లక్షల ఏళ్లు దాటిపోతాయి. "నేనన్నదీ అదేగా" అంది. ఆగు, రెండో పద్ధతి చూడు. ఏదో ఒక నంబరు తీసుకుని తల్లి అని పేరు పెట్టు, అలా పేరు పెట్టి దాచుకునేదే వేరియబుల్. దానికి వంద కాపీలు తియ్యి, అవే పిల్లలు, వందసార్లు తిప్పే పని లూప్ చూసుకుంటుంది. కాపీ తీసేటప్పుడు ఒక్కో అంకె మారిపోయే ఛాన్సు నూటికి 5 పెట్టు. మనం అనుకున్న నంబరుతో ఎక్కువ అంకెలు కలిసిన పిల్లని ఇఫ్ పెట్టి, అంటే 'ఇలా ఉంటేనే' అని షరతు రాసి, ఏరుకో, తర్వాతి తల్లి అదే.

రాసింది, రన్ చేసింది. వెయ్యి తరాలు తిరిగినా ఒకసారి నాలుగంకెలు కలుస్తాయి, మళ్లీ ఒకటికి పడిపోతుంది, అంతే. చూస్తే తప్పంతా ఒక్క లైన్లో ఉంది: పిల్ల = తల్లి. నంబరులోని అంకెల్ని వరసగా ఒక లిస్టులో పెట్టాం, పైథాన్‌లో లిస్టుకి ఇలా రాస్తే కాపీ రాదు, ఉన్న లిస్టుకే రెండో పేరొస్తుంది, పిల్లలో అంకె మారిస్తే తల్లిలోనూ మారిపోతుంది, అంటే అక్కడ వంద పిల్లలు లేనే లేరు, ఒక్క తల్లినే వందసార్లు చెరిపేశాం. పిల్ల = తల్లి.copy() అని మార్చాం, వంద తరాల లోపే 20కి 20 కలిసిపోయాయి.

ఆ తప్పు పడటమే మంచిదైంది, ఎందుకంటే పరిణామం దగ్గర చాలామంది పొరబడేది కూడా ఇక్కడే. జిరాఫీ ఆకుల కోసం మెడ సాచి సాచి పొడుగైందనుకుంటారు, అది పిల్ల = తల్లి లైను లాంటిదే. ఉన్న జంతువు మారదు, డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు పిల్లలో తేడా వస్తుంది. మన డీఎన్ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటే పుట్టే ప్రతి బిడ్డలో ఓ 60, 70 కొత్త మార్పులుంటాయి. ఆ మార్పు ర్యాండమే, కానీ ఏది నిలుస్తుందన్నది ర్యాండం కాదు, చెల్లి డౌటుకి జవాబు అదే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను, ప్రకృతికి ముందే అనుకున్న నంబరంటూ ఉండదు. బతికి పిల్లల్ని కనగలగడమే అక్కడ స్కోరు. రిచర్డ్ లెన్‌స్కీ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త 1988లో ఈకోలై బాక్టీరియాని 12 ఫ్లాస్కుల్లో పెంచడం మొదలెట్టాడు, అందులో మొదట్నుంచీ సిట్రేట్ అనే పదార్థం ఉంది కానీ గాలి తగిలే చోట ఈకోలై దాన్ని తినలేదు, 31 వేల తరాలు దాటాక ఒక్క ఫ్లాస్కులోవి తినడం మొదలెట్టాయి, మిగతా 11లో అలా జరగలేదు. తినమని వాటికెవరూ టార్గెట్ పెట్టలేదు.

అది విన్నాక చెల్లి ఊరుకోలేదు, ప్రోగ్రామ్‌లో యాభయ్యో తరం రాగానే అసలు నంబరే మారిపోయేలా ఇంకో ఇఫ్ పెట్టింది. స్కోరు ఠక్కున రెండుకి పడింది, తర్వాత మూడు, ఐదు, ఆరు అంటూ మళ్లీ ఎక్కడం మొదలైంది.