150 ఎంఎల్ మంచినీళ్లు

ఏటా జులై వచ్చిందంటే నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రి వార్డుకి స్కూలు పిల్లలు వస్తారు. ఇంగ్లండ్‌లో దీన్ని వర్క్ ఎక్స్‌పీరియన్స్ అంటారు. 14, 15 ఏళ్ల పిల్లలు, మన లెక్కలో తొమ్మిదో తరగతివాళ్లు, ఒక వారం పాటు ఏదో ఒక పనిచోట ఉండి చూసి రావాలి. కొందరు షాపుకి వెళ్తారు, కొందరు కార్లు రిపేరు చేసే షెడ్డుకి, కొందరు మాలాంటి ఆసుపత్రులకి. మాది పెద్దవయసువాళ్ల వార్డు, ఊపిరాడనంత పని ఉంటుంది, మధ్యలో ఈ పిల్లలేంటి అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం నాలుగేళ్లుగా అడిగి మరీ వాళ్లని నా దగ్గర పెట్టించుకుంటున్నా.

మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. బైపీసీ చదివా, ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు, "పోనీ నర్సింగ్ చెయ్యి" అన్నారు ఇంట్లో. ఆ "పోనీ" ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వార్డులో మొదటిసారి అడుగుపెట్టేదాకా ఆసుపత్రి లోపల ఎవరు ఏం చేస్తారో నాకు తెలీదు. తెలిసింది డాక్టరు, నర్సు, కాంపౌండరు, అంతే. ఆ రోజు భయంతో అన్నం కూడా తినలేదు. ఏ పిల్లా అలా కళ్లు మూసుకుని ఈ వృత్తిలోకి రాకూడదని నా కోరిక.

పిల్లలతో మొదటి పని చేతులు కడిగించడం. వాచీ తీసెయ్యాలి, చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి, మోచేతి కింద ఏమీ ఉండకూడదు, ఇది అందరికీ ఒకటే రూలు, పెద్ద డాక్టరుకైనా సరే. చేతులకి ఒక క్రీము రాయించి, కడుక్కోమని, తర్వాత అల్ట్రావయొలెట్ లైటు కింద పెట్టమంటాం. సబ్బు సరిగ్గా తగలనిచోట ఆ క్రీము మెరుస్తుంది. ఈసారి వచ్చినవాళ్లలో ఒక పొడుగాటి అబ్బాయి, పొద్దుటి నుంచీ నోరు విప్పలేదు. లైటు కింద పెట్టేసరికి బొటనవేలి చుట్టూ, గోళ్ల అంచులంటా తెల్లగా వెలిగిపోయింది. మళ్లీ కడిగాడు. బొటనవేలు ఇంకా మెరుస్తోంది. మూడోసారి, ఎవరూ చెప్పకుండానే, బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని తిప్పుతూ కడిగి, చెయ్యి లైటు కింద పెట్టి నా వైపు చూసి నవ్వాడు. అప్పటి నుంచి మాటలు మొదలయ్యాయి.

రెండోది, పేషెంటు దగ్గరికి వెళ్లగానే పేరు చెప్పుకోవడం. కేట్ గ్రేంజర్ అని యార్క్‌షైర్ డాక్టరమ్మ ఉండేది, పెద్దవాళ్ల వైద్యంలోనే పనిచేసింది. క్యాన్సర్‌తో తానే బెడ్ మీద పడుకున్నప్పుడు వచ్చినవాళ్లలో చాలామంది పేరు కూడా చెప్పకపోవడం ఆమెని బాధపెట్టింది. 2013లో "హలో, మై నేమ్ ఈజ్" అని ఉద్యమం మొదలుపెట్టింది. 2016లో చనిపోయింది, ఆ మాట మాత్రం ఇక్కడి ఆసుపత్రుల్లో బ్యాడ్జీల మీద ఇంకా ఉంది. పిల్లలకి ఇది చెప్పేటప్పుడు నా గొంతు మారిపోతుంది.

ఆ అబ్బాయికి ఒక పని అప్పజెప్పా. తుంటి ఎముక విరిగి ఆపరేషనైన ఒక పెద్దావిడ ఉంది, ఆవిడని అడిగి ఒప్పించి, "సాయంత్రం నాలుగింటిలోపు ఈ బెడ్ దగ్గరికి ఎవరెవరు వస్తారో రాయి, పేర్లొద్దు, ఏం పనివాళ్లో రాస్తే చాలు" అన్నా. లెక్క తీస్తే 13 మంది. అందులో డాక్టర్లు ఇద్దరే, ఇద్దరూ కలిసి ఉన్నది పది నిమిషాలు. డాక్టర్ల పని చిన్నదని కాదు, ఆ పది నిమిషాల్లో వాళ్లు చేసేది ఇంకెవరూ చెయ్యలేరు. మిగతా రోజంతా ఆవిడ దగ్గరున్నది మిగిలినవాళ్లు. ఫిజియో వచ్చి నిలబెట్టి రెండడుగులు వేయించింది. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంట్లో మెట్లెన్ని, కుర్చీ ఎంత ఎత్తు అని అడిగాడు, ఎక్స్‌రేకి తీసుకెళ్లే పోర్టర్ దారంతా ఆవిడ కుక్కపిల్ల గురించి కబుర్లు చెప్పాడట. స్పీచ్ థెరపిస్టు వచ్చినప్పుడు మాత్రం అబ్బాయి తెల్లబోయాడు, "ఆవిడకి మాటలు బాగానే వస్తున్నాయి కదా" అని. మాటే కాదు, మింగడంలో ఇబ్బంది ఉందో లేదో చూసేదీ వాళ్లే అని చెప్పా. ఆమె చూసి, మామూలు నీళ్లే ఇవ్వొచ్చు అని రాసి వెళ్లింది.

పొద్దుటి నుంచీ ఆవిడ గుక్కెడు నీళ్లు తాగలేదు, నేను మూడుసార్లు బతిమాలా. ఈ అబ్బాయి కుర్చీ లాక్కుని ఆవిడ కళ్లకి ఎదురుగా కూర్చుని, పేరు చెప్పి, ఫుట్‌బాల్ మాటలేవో మొదలుపెట్టాడు. మాటల మధ్యలో గ్లాసు ఆవిడ చేతికి అందించాడు. ఖాళీ అయింది. నేను చార్టులో 150 ఎంఎల్ అని రాసి, చూపించా. "రేపు రౌండ్స్‌లో డాక్టరు ఈ అంకె చూస్తారు, సెలైన్ పెట్టాలా వద్దా అనేదానికి ఇదీ ఒక లెక్కే" అన్నా. ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఇక్కడా అంతా బాగుందని అనను. తల్లిదండ్రులు డాక్టర్లయితే పిల్లలకి ఇలాంటి చోటు తేలిగ్గా దొరుకుతుంది, క్లీనర్ కూతురికి దొరకడం కష్టం. అందుకే మా వార్డులో ఒక చోటైనా అలాంటి పిల్లలకి ఉంచమని ప్రతిసారీ అడుగుతా. 16 దాటినవాళ్లకి టీ లెవెల్ అనే రెండేళ్ల చదువుంది, హెల్త్‌లో 2021లో మొదలైంది, అందులో కనీసం 315 గంటలు పనిచోటే గడపాలి. ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, 350కి పైగా రకాల ఉద్యోగాలున్నాయని వాళ్లే చెప్తారు, బయటి నుంచి చూసే పిల్లకి అందులో రెండో మూడో తెలుస్తాయి.

ఇదంతా చూస్తున్నప్పుడు మా అక్క కొడుకే గుర్తొస్తాడు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి నీట్‌కి రెండో ఏడు లాంగ్ టర్మ్. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలు దాటారు, దేశం మొత్తంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. సీటు రాకపోతే ఏంటని టెన్షన్ పడే ఆ పిల్లాడు ఒక్క రోజైనా వార్డులో నిలబడి చూసింది లేదు. ఫోన్‌లో ఈ 13 మంది సంగతి చెప్పా. కాసేపాగి, "పిన్నీ, ఆ మింగడం చూసే కోర్సు మన దగ్గరుందా?" అన్నాడు. ఉంది నాన్నా, బీఏఎస్‌ఎల్‌పీ అంటారు, వినికిడి, మాట సమస్యల మీద డిగ్రీ, అది నేర్పే అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉంది అని చెప్పా. అక్క పక్కనుంచి "వాణ్ణి మళ్లించకే" అంది. మళ్లించట్లేదక్కా, పరీక్ష రాయనీ, చుట్టూ ఏముందో కూడా చూడనీ అన్నా.

దసరా సెలవుల్లో నాతో చదివిన ఫ్రెండ్‌ని బతిమాలి, ఆమె పనిచేసే ఆసుపత్రి ల్యాబ్‌లో రెండు రోజులు ఉండనిచ్చేలా మాట్లాడా. మొదటి రోజు సాయంత్రమే ఫోన్ చేశాడు. "పిన్నీ, ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్షకి ట్యూబు గంటసేపు అలాగే నిలబెడతారు తెలుసా? రక్తం కిందకి దిగుతుంటే పైన పసుపు రంగు కనిపిస్తుంది. గంటా అక్కడే నిలబడి చూశా. రేపు పొద్దున్నే శాంపిల్స్ తీసేటప్పుడు రమ్మన్నారు, ఏడింటికే వెళ్లాలి, పడుకుంటా."