గెలిచాడా అని అడిగితే

ఇక్కడ అమెరికాలో శనివారాలు మావాడి బేస్‌బాల్ మ్యాచ్ అయ్యేసరికి తెనాలిలో రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. పడుకునే ముందు అమ్మ ఫోన్ చేస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఒక రోజు అలాగే చేసి "పిల్లాడు బాగా ఆడాడా? గెలిచారా?" అని అడిగింది. "బాగా ఆడాడమ్మా, గెలిచారు" అనేశాను.

నిజానికి ఆ రోజు వాడు నాలుగుసార్లు బ్యాటింగ్‌కి వెళ్ళి మూడుసార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, అంటే దొరికిన మూడు అవకాశాల్లోనూ బంతిని కొట్టలేక ఔటయ్యాడు. అప్పటికి వాడికి పన్నెండేళ్ళు. షార్ట్‌స్టాప్ ఆడతాడు, అంటే రెండో బేస్‌కి, మూడో బేస్‌కి మధ్య నిలబడే ఫీల్డర్. చివర్లో నేల మీద దొర్లుకుంటూ నేరుగా తన దగ్గరికే వచ్చిన బంతి కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఆ పరుగుతోనే ఓడిపోయారు.

కారు వెనక సీట్లో కూర్చుని నా మాటలన్నీ విన్నాడు. తెలుగు మాట్లాడటంలో కొంచెం తడబడతాడు కానీ వింటే అంతా అర్థమవుతుంది. ఫోన్ పెట్టగానే అడిగాడు: "అమ్మమ్మకి ఎందుకలా చెప్పావ్? నేను బ్యాడ్ పని చేశానా?"

నాకు జవాబు దొరకలేదు. ఇంటికొచ్చి వాడి ప్యాంటు బకెట్‌లో నానబెట్టాను. మోకాళ్ళ దగ్గర అంటుకున్న ఎర్రమట్టి వేళ్ళతో రుద్దితే గానీ వదలదు. రుద్దుతూ అదే ఆలోచించాను. నేను ఇంటర్ చదివింది విజయవాడలో. ప్రతి వారం పరీక్ష, ప్రతి వారం ర్యాంకులు. నా ర్యాంకు పడిపోయిన వారం ఎవరైనా చుట్టాలు అడిగితే, "దానికి జ్వరం వచ్చిందండీ, సరిగా రాయలేకపోయింది" అని చెప్పేది అమ్మ. నాకు జ్వరం లేదు. నా మీద ప్రేమతోనే చెప్పింది, నన్ను కాపాడుకోవాలని చెప్పింది. నేను కూడా వాడి విషయంలో అదే చేశాను. కానీ వాడు ఆడుతున్న ఆటలో దాచడానికి కుదరదు.

మేం ఫ్లోరిడాలో, టాంపా శివార్లలో ఉంటాం. ఇక్కడి తెలుగు ఇళ్ళలో 2023 జులైలో ఒక పేరు మారుమోగిపోయింది: అర్జున్ నిమ్మల. డోవర్ అనే ఊళ్ళో స్ట్రాబెరీ క్రెస్ట్ హైస్కూల్లో చదివిన కుర్రాడు. భారత్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ, చిన్నప్పుడు క్రికెట్ కూడా ఆడాడు. మేజర్ లీగ్ అంటే ఇక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్. దాని జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్లో, 20వ ఆటగాడిగా అతన్ని టొరంటో బ్లూ జేస్ జట్టు తీసుకుంది. అప్పటికి పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు. 2008లో రింకూ సింగ్, దినేశ్ పటేల్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో సంతకం చేసినప్పుడు వాళ్ళు ఇండియాలో ఒక పోటీలో దొరికిన పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు. ఇతను ఇక్కడే, మన పిల్లలు ఆడే మైదానాల్లోనే పెరిగిన షార్ట్‌స్టాప్. నిమ్మల అనే ఇంటిపేరు టీవీలో విన్న రోజు మావాడు సోఫా మీద ఎగిరి గంతేశాడు.

పేపర్లలో 30 లక్షల డాలర్ల బోనస్ అని చూసి అందరూ ఆ అంకె గురించే మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో మాలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. మావారూ నేనూ కూర్చుని చదివి తెలుసుకున్నాం. డ్రాఫ్ట్ అయిన వెంటనే దాదాపు ఎవరూ పెద్ద స్టేడియాల్లో ఆడరు. కింద నాలుగు మెట్లుంటాయి: సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. అన్నీ కలిపి 120 జట్లు. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఇదే. డ్రాఫ్ట్‌లో 20 రౌండ్లుంటాయి కానీ పెద్ద బోనస్ వచ్చేది పైన ఉన్న కొద్దిమందికే. మిగతావాళ్ళు జీతం మీదే బతకాలి. సింగిల్-ఎ ఆటగాడి కనీస జీతం మొన్నమొన్నటి దాకా ఏడాదికి 11,000 డాలర్లే. 2023లో ఆటగాళ్ళ యూనియన్ మొదటి ఒప్పందం కుదుర్చుకున్నాక 26,200 అయింది. జట్టే ఇల్లు చూపించడం కూడా 2022 నుంచే మొదలైంది. అంతకుముందు కుర్రాళ్ళు ఐదారుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకుని నేల మీద పరుపులేసుకుని పడుకునేవాళ్ళట. ఆ పిల్లల తల్లుల గురించి ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది.

కాలేజీ దారి వేరే. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడో ఏడాది అయ్యేదాకానో, 21 ఏళ్ళు వచ్చేదాకానో డ్రాఫ్ట్‌కి అవకాశం ఉండదు. బేస్‌బాల్ స్కాలర్‌షిప్ అనగానే మొత్తం ఫీజు అనుకుంటారు మనవాళ్ళు. మొన్నటి దాకా డివిజన్ వన్, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయి, జట్టు మొత్తానికి కలిపి ఉండేవి 11.7 స్కాలర్‌షిప్‌లే, వాటినే ముక్కలు చేసి పిల్లలకి పంచేవాళ్ళు. ఫంక్షన్లలో "బేస్‌బాలా? మరి చదువు?" అని నన్ను అడిగేవాళ్ళకి నేను చెప్పే మాట ఒకటుంది. హైస్కూల్ నుంచి నేరుగా సంతకం చేసే కుర్రాళ్ళు చాలామంది, ఆట అయిపోయాక కాలేజీ ఖర్చు జట్టే పెట్టుకునేలా కాంట్రాక్టులోనే రాయించుకుంటారు. ఇది తెలిసిన రోజు నాకు సగం టెన్షన్ తగ్గింది.

మావాడు స్ట్రైకౌట్లతో సతమతమవుతున్న ఆ ఏప్రిల్‌లోనే నిమ్మల అర్జున్ మాకు దగ్గర్లోని డనీడిన్‌లో సింగిల్-ఎ ఆడటం మొదలుపెట్టాడు. బాగా తడబడ్డాడు. మావాడు రోజూ రాత్రి ఫోన్లో స్కోరు చూసి వాళ్ళ నాన్నకి చెప్పేవాడు, ఒక్క హిట్ కూడా లేని రోజులు చాలానే ఉన్నాయి. మొదటి రౌండ్ ఆటగాడు, 18 ఏళ్ళు, కొట్టలేకపోయిన ప్రతి బంతీ ఎవరైనా చూసుకునేలా రాసి పెట్టి ఉంటుంది. మేలో జట్టు అతన్ని మ్యాచ్‌ల నుంచి పక్కకి తీసి, కొన్ని వారాలు శిక్షణ కేంద్రంలో బ్యాటింగ్ మీద పని చేయించింది. మావాడు అడిగాడు: "వాళ్ళమ్మ ఏం చెప్పి ఉంటుంది?" ఆ ప్రశ్న నా కోసమేనని నాకు తెలుసు.

వేసవి ఆఖర్లో ఒక సాయంత్రం డనీడిన్ వెళ్ళాం. బ్లూ జేస్ 1977 నుంచీ స్ప్రింగ్ ట్రైనింగ్‌కి, అంటే సీజన్ ముందు సాధనకి, వచ్చేది ఇక్కడికే. వాన వెలిసి కుర్చీలు తడిగా ఉన్నాయి. జనం పలచగా ఉన్నారు. మూడో బేస్ వైపు కూర్చున్నాం, ఆటగాళ్ళ బూట్ల చప్పుడు కూడా వినపడేంత దగ్గర. స్ట్రైకౌట్ అయిన ఒక కుర్రాడు డగౌట్‌కి నడిచొచ్చి బ్యాట్ దాని చోట పెట్టాడు, హెల్మెట్ తీశాడు, గ్లవ్ తీసుకుని మళ్ళీ తన చోటికి పరుగెత్తాడు. అక్కడ నిలబడి ముందున్న మట్టిని బూటుతో చదును చేశాడు, చిన్న గడ్డ ఉన్నా బంతి ఎగిరిపడుతుందని కాబోలు. తర్వాత వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అరనిమిషం కూడా పట్టలేదు. నేను మావాడి వైపు చూశాను. వాడూ కూర్చున్నచోటే కాలితో సిమెంటు నేలని చదును చేస్తున్నాడు.

అర్జున్ ఆ సీజన్ ముగిసేసరికి డజనుకి పైగా హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, కొట్టాడు. 2025లో ఒక మెట్టు పైకి, వాంకూవర్ హై-ఎ జట్టుకి వెళ్ళాడు. అక్కడి నుంచి మేజర్ లీగ్ ఇంకా చాలా దూరం. ఆ దూరంలో ఆగిపోయేవాళ్ళే ఎక్కువని నాకు ఇప్పుడు తెలుసు. మావాడు ఆ మొదటి మెట్టు కూడా ఎక్కకపోవచ్చు. అయినా శనివారం పొద్దున్నే లేచి వాడికి ఉప్మా పెట్టి మైదానానికి తీసుకెళ్తూనే ఉన్నాను.

ఆ చలికాలం అమ్మ మా దగ్గరికి వచ్చింది. వాడికి కొత్త గ్లవ్ కొన్నాం. తోలు చెక్కలా గట్టిగా ఉంది. లోపల బంతి పెట్టి, బిగించి కట్టి, కొన్నాళ్ళు అలాగే ఉంచాలని వాడు చెబితే, అమ్మ తన పాత వెంకటగిరి చీర అంచు చింపి నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. రోజూ రాత్రి పరుపు కింద పెట్టడం, పొద్దున్నే తీసి చూడటం ఆవిడ పనే. తిరిగి వెళ్ళేనాటికి కూడా ఇంకా పూర్తిగా మెత్తబడలేదు.

పోయిన శనివారం మ్యాచ్ అయ్యాక ఫోన్ మోగితే నేను ఎత్తలేదు. వెనక సీట్లో ఉన్న వాడికి ఇచ్చాను.

"అమ్మమ్మా, ఓడిపోయాం. నేను రెండుసార్లు స్ట్రైకౌట్. ఒక మంచి బంతి పట్టాను, డైవ్ చేసి."

అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. నాకు చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి.

"దేంతో పట్టావు నాన్నా, మన గ్లవ్‌తోనేనా? మెత్తబడిందా?"

"వింటావా?" అని వాడు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, బంతిని గ్లవ్‌లోకి గట్టిగా కొట్టాడు. ఆ చప్పుడు విని అమ్మ మళ్ళీ కొట్టమంది.