పద్దెనిమిది ఎంబీల ఫైలు

మంగళవారం. సీట్లో కూర్చోగానే కంప్యూటరు పాస్‌వర్డ్ మార్చమంది. 45 రోజులకోసారి మార్చాలి మరి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. మా అమ్మాయి పుట్టినరోజుని ఇప్పటికే అన్ని రకాలుగా తిప్పి వాడేశాను, ఇంక తిప్పడానికేం మిగల్లేదు. పక్క సీటు సూపరింటెండెంట్ గారైతే హాయిగా చీటీ మీద రాసి మానిటర్‌కే అంటించుకున్నారు, అలా అంటించకూడదని 2022 జూన్‌లో వచ్చిన సైబర్ మార్గదర్శకాల్లో పనిగట్టుకుని రాసినా సరే.

అసలు గొడవ భోజనాలయ్యాక. సాయంత్రంలోగా పోర్టల్‌లో ఎక్కించాల్సిన ఫైలు స్కాన్ చేస్తే 18 ఎంబీ వచ్చింది, పోర్టలేమో 5 దాటితే తీసుకోదు. కొత్తగా చేరిన కుర్రాడు "పీడీఎఫ్ తగ్గించే సైట్లున్నాయి కదా మేడమ్, నిమిషం పని" అన్నాడు. వద్దన్నాను. ఆ సైట్లు, ఫోనుతో స్కాన్ చేసే క్యామ్‌స్కానర్ యాప్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ అన్నీ ఆఫీసు కాగితాలకి వాడొద్దన్న జాబితాలోవే. ఆర్థిక శాఖ అయితే 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటి ఏఐలు కూడా వద్దంది. ఇదంతా చెబుతుంటే, రూల్స్ నేనే రాసినట్టు చూశాడు నావంక.

కారణం నాకు తెలియక కాదు. ఆ ఫైలు నిండా పెన్షనర్ల బ్యాంకు ఖాతా నంబర్లే, ఒకసారి బయటి సైట్లో ఎక్కించామంటే ఏ దేశంలో ఏ సర్వర్‌లో పడి ఉంటాయో ఎవరికి ఎరుక. 2015 నుంచీ ఆఫీసు ఉత్తరాలు ప్రైవేటు మెయిల్‌లో కాకుండా ప్రభుత్వ మెయిల్‌లోనే పంపాలంటున్నారు, అదీ సబబే. నా మంటల్లా ఒక్కటే, వద్దన్నవాళ్లు దాని బదులు ఏం వాడాలో చేతికివ్వరు. సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్ మా సిస్టంలో లేదు, వేసుకుందామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, ఆ పాస్‌వర్డ్ ఉన్న ఐటీ ఆయన వారానికి రెండు రోజులే వస్తాడు, మంగళవారం అందులో లేదు.

చేసేదేముంది, కుర్రాడూ నేనూ స్కానర్ దగ్గర నిలబడి, నలుపు తెలుపులో, క్వాలిటీ తగ్గించి, మొదటి పేజీ నుంచి మళ్లీ కానిచ్చాం. 4.7 ఎంబీ. ఎక్కించేసరికి ఆరు దాటింది.

బస్సులో ఉండగా పై ఆఫీసు నుంచి ఫోను. "23వ పేజీలో సీలు కనబడట్లేదు మేడమ్, ఆ ఒక్క పేజీ ఫొటో తీసి వాట్సాప్ చేసెయ్యండి." కుర్రాడింకా సీట్లోనే ఉన్నాడు, వాడికి చెప్పి చేయించాను. ఆ పేజీలో ఖాతా నంబర్లు లేవు, రెండుసార్లు చూడమన్నాను.