చాట్ సర్వర్ పనిని పంచిన ఆదివారం

పాత తెలుగు పుస్తకాల పుటలను స్కాన్ చేసి, టైపు చేసి, ప్రూఫు చూసే మా బృందం సంప్రదింపులన్నీ మేమే నడుపుకొంటున్న మాట్రిక్స్ (ఎవరి సర్వర్ వారు నడుపుకొంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగల చాట్ పద్ధతి) సర్వర్ మీదనే సాగుతాయి. అద్దెకు తీసుకున్న నాలుగు ప్రాసెసర్ కోర్ల యంత్రంలో డెబియన్ లినక్స్, దాని మీద మాట్రిక్స్ సర్వర్ ప్రోగ్రామైన సినాప్స్, వెనుక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ముందు బయటి అభ్యర్థనలను అందుకొని లోపలికి మళ్లించే ఎంజిన్‌ఎక్స్ ఉన్నాయి. కొంతకాలంగా సాయంత్రం పూట సందేశాలు ఆలస్యంగా చేరుతున్నాయని సభ్యులు చెబుతున్నారు. ఈ రోజు ఆదివారం కనుక, సినాప్స్ చేసే పనిని వర్కర్లకు పంచడానికి కూర్చున్నాను.

ఏ పని ఎక్కడ ఆగుతోందో కళ్లతో చూడకుండా కాన్ఫిగరేషన్ ఫైలు తెరవడం నాకు ఇష్టం లేదు. అందుకని ఉదయమే, మా బృందంలో అందరికంటే ఎక్కువ పుటలు చూసే విశ్రాంత ఉపాధ్యాయులకు ఫోన్ చేశాను.

"మాస్టారూ, మీరు సాయంత్రం పంపే పుటల బొమ్మలను ఇప్పుడు ఒక్కసారిగా పంపగలరా? సర్వర్ ఎలా తట్టుకుంటుందో చూడాలి."

"అలాగే బాబూ. అయితే బొమ్మలు వెళ్తున్నంతసేపూ నేను రాసిన మాట అవతలికి పోదు. అది కూడా చూడు."

ఆయన పంపుతున్నంతసేపూ ఒక్కో కోరు మీది భారాన్ని ఒక్కో గీతగా చూపే హెచ్‌టాప్ తెరిచి పెట్టుకున్నాను. నాలుగు గీతల్లో ఒకటి నూరు శాతం దగ్గర నిలిచిపోయింది. మిగిలిన మూడూ పదీ పదిహేను శాతం మధ్య ఊగుతూ ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ నింపాదిగానే ఉంది, డిస్క్ మీద భారమూ లేదు. కారణం అప్పటికే స్పష్టమైంది. సినాప్స్ ప్రధానంగా పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము. పైథాన్‌లోని గ్లోబల్ ఇంటర్‌ప్రిటర్ లాక్ వల్ల ఒక ప్రాసెస్‌లో (నడుస్తున్న ఒక ప్రోగ్రాములో) ఎన్ని త్రెడ్‌లు (పక్కపక్కన సాగే పని పాయలు) ఉన్నా పైథాన్ కోడ్‌ను ఒక్క క్షణంలో ఒక్క త్రెడ్ మాత్రమే నడపగలదు. నలుగురు గుమాస్తాలుండి కార్యాలయ ముద్ర ఒక్కటే ఉంటే, ఆ ముద్ర ఎవరి చేతిలో ఉందో వారి బల్ల దగ్గరే కాగితం కదులుతుంది. ఎనిమిది కోర్ల యంత్రానికి మారదామని బృందంలో ఒకరు సూచించారు కానీ, ఒకే ప్రాసెస్ ఉన్నంతకాలం ఆ అదనపు కోర్లకు అద్దె కట్టడమే తప్ప మాస్టారి మాట త్వరగా వెళ్లదు.

వర్కర్లంటే సినాప్స్‌నే వేర్వేరు ప్రాసెస్‌లుగా, వేర్వేరు బాధ్యతలతో నడపడం. ఇవన్నీ ఒకే డేటాబేస్‌ను పంచుకుంటాయి కనుక ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పనికిరాదు, పోస్ట్‌గ్రెస్ తప్పనిసరి. ఒక ప్రాసెస్‌లో కొత్త సందేశం నమోదైతే ఆ సంగతి మిగిలినవాటికి తెలియాలి, అందుకు రెడిస్ అనే మరో ప్రోగ్రాము కావాలి. రెడిస్ ఇక్కడ సందేశాలను దాచిపెట్టదు, డేటాబేస్‌లో ఫలానా చోట కొత్త వరుస చేరిందనీ, ఫలానా క్యాష్ (చేతికందేలా దాచుకున్న నకలు) చెల్లదనీ చాటింపు మాత్రం వేస్తుంది. నేరుగా అడగవలసినవి ఉంటే వర్కర్లు ప్రధాన ప్రాసెస్‌ను హెచ్‌టీటీపీ ద్వారా అడుగుతాయి. దానికోసం లోపలి చిరునామా మీద మాత్రమే 9093 పోర్టును తెరిచి, ఏ ప్రాసెస్ ఏ చిరునామాలో ఉందో చెప్పే ఇన్‌స్టాన్స్ మ్యాప్‌లో 'మెయిన్' పేరుతో నమోదు చేసి, ప్రాసెస్‌ల మధ్య సంభాషణకు రెప్లికేషన్ రహస్య పదాన్ని కూడా పెట్టాను. ఈ పోర్టు ఎట్టి పరిస్థితుల్లోనూ బయటి ప్రపంచానికి కనపడకూడదు. ఫైర్‌వాల్ ఉందిలే అని ఊరుకోకుండా, ఎస్ఎస్ ఆదేశంతో అది ఏ చిరునామా మీద వింటున్నదో చూసి నిర్ధారించుకున్నాను.

ఇక ఏయే పనులు విడదీయాలన్నది అసలు విషయం. ఎంజిన్‌ఎక్స్ లాగ్‌లో ఎక్కడ చూసినా సింక్ అభ్యర్థనలే కనపడ్డాయి. ప్రతి ఫోనూ, ప్రతి కంప్యూటరూ 'కొత్తదేమైనా ఉందా' అని అడిగి, ముప్పై సెకన్ల వరకు జవాబు కోసం ఆగి, మళ్లీ అడుగుతూ ఉంటుంది. ఊరికే ఆగి ఉండటం భారం కాదు కానీ, ఒక చురుకైన గదిలో ఒక్క మాట పడగానే ఆ గదిలోని పరికరాలన్నింటికీ ఒకేసారి జవాబు తయారుచేయడం భారం. ఎవరైనా కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే మొదటి సింక్ మరీ బరువు. అందువల్ల సింక్‌కు రెండు వర్కర్లు కేటాయించాను.

ఆ రెండింటి మధ్య అభ్యర్థనలను ఎలా పంచాలన్నది చిన్న విషయంగా కనపడుతుంది కానీ ఫలితమంతా అక్కడే ఉంది. ప్రతి వర్కర్‌కూ సొంత క్యాష్ ఉంటుంది. ఒకే మనిషి ఫోన్ ఒక వర్కర్‌కూ, ల్యాప్‌టాప్ మరో వర్కర్‌కూ వెళ్తే రెండు చోట్లా అదే సమాచారాన్ని డేటాబేస్ నుంచి మళ్లీ మళ్లీ తెచ్చుకోవాలి. లాగిన్ అయినప్పుడు సినాప్స్ ఇచ్చే టోకెన్‌లో (గుర్తింపు చీటీలో) వినియోగదారు పేరు ఎన్‌కోడ్ అయి ఉంటుంది. ఎంజిన్‌ఎక్స్ మ్యాప్‌తో ఆ భాగాన్ని మాత్రం విడిగా తీసి, దాని ఆధారంగా హ్యాష్ చేస్తే (ఒకే పేరుకు ఎప్పుడూ ఒకే సంఖ్య వచ్చేలా లెక్కకడితే) ఒక మనిషి పరికరాలన్నీ ఎప్పుడూ ఒకే వర్కర్ దగ్గరకు చేరతాయి. సినాప్స్ పత్రాలు సూచించే పద్ధతి కూడా ఇదే. వరుసగా ఒకటి తర్వాత ఒకటికి పంచే మామూలు పద్ధతిని సింక్‌కు వాడటం, నా దృష్టిలో, వర్కర్లు పెట్టిన ప్రయోజనాన్ని సగం పోగొట్టుకోవడమే.

మా సభ్యుల్లో కొందరు ఫాంట్ల గురించీ లినక్స్ గురించీ చర్చించే పెద్ద బహిరంగ గదుల్లో కూడా ఉన్నారు. అటువంటి గదిలో మావారు ఒక్క మాట అంటే, ఆ గదిలో సభ్యులున్న ప్రతి సర్వర్‌కూ దాన్ని మా సర్వరే అందించాలి. దీనికి ఫెడరేషన్ సెండర్ అనే ప్రత్యేక వర్కర్‌ను పెట్టాను. దాని పేరు ఉమ్మడి కాన్ఫిగరేషన్‌లో చేరగానే ప్రధాన ప్రాసెస్ ఆ పనిని వదిలేస్తుంది. తర్వాత ఎప్పుడైనా రెండో సెండర్‌ను చేర్చాలంటే అన్నింటినీ ఒకేసారి ఆపి, ఒకే జాబితాతో మొదలుపెట్టాలి. ఒకటి పాత జాబితాతోనూ ఇంకొకటి కొత్తదానితోనూ నడిస్తే కొన్ని సందేశాలు ఎవరి వంతుకూ రాకుండా పోయే ప్రమాదం ఉంది. బయటి సర్వర్ల నుంచి వచ్చేవాటిని స్వీకరించడానికి ఇంకో వర్కర్‌ను పెట్టాను.

చివరిది మీడియా, మాస్టారి బొమ్మలకు సంబంధించినది. ఉమ్మడి ఫైలులో మీడియా రిపాజిటరీని (బొమ్మలను దాచి అందించే భాగాన్ని) నిలిపివేసి, ఈ ఒక్క వర్కర్ ఫైలులో మాత్రం తెరిచాను. పాత మార్గదర్శకాలు చూసి చేసేవారు ఒక సంగతి గమనించాలి. 2024లో వచ్చిన మాట్రిక్స్ 1.11 నిర్దేశంతో బొమ్మలను లాగిన్ అయినవారికే చూపే పద్ధతి వచ్చింది, దాని దారి (వెబ్ చిరునామాలోని భాగం) క్లయింట్ విభాగం కింద వీ1 మీడియా అని ఉంటుంది. మీడియాతో మొదలయ్యే పాత దారిని మాత్రమే ఎంజిన్‌ఎక్స్‌లో మళ్లిస్తే, కొత్త యాప్‌లు అడిగే బొమ్మలు ఈ వర్కర్‌కు చేరవు.

మొత్తం ఐదు వర్కర్లు, ఒక ప్రధాన ప్రాసెస్. ఒక్కోదానికీ డేటాబేస్ అనుసంధానాల గరిష్ఠ పరిమితిని 10గా ఉంచాను కనుక అన్నీ కలిపి 60కి మించవు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100 కనుక దాన్ని ముట్టుకోలేదు. ఇరవై వర్కర్ల నమూనాలు పట్టుకొని చిన్న సర్వర్లలో దించేవారిని చూస్తుంటే నాకు బాధ కలుగుతుంది. ప్రతి వర్కర్‌కూ సొంత మెమరీ కావాలి, క్యాష్ కావాలి. ర్యామ్ చాలక స్వాప్‌లోకి (ర్యామ్‌కు బదులు వాడే డిస్క్ చోటులోకి) జారిన సర్వర్ ఒంటి ప్రాసెస్ సర్వర్ కంటే నెమ్మదిగా నడుస్తుంది.

లినక్స్‌లో సేవలను మొదలుపెట్టి, ఆపే సిస్టమ్‌డీలో వర్కర్లన్నింటికీ కలిపి ఒకే టెంప్లేట్ యూనిట్ రాశాను. పేరు మార్చితే ఆ పేరున్న ఫైలును అది చదువుకుంటుంది. ప్రధాన ప్రాసెస్ సిద్ధమైన తర్వాతే వర్కర్లు మొదలయ్యేలా వరుస పెట్టి, అన్నింటినీ ఒక టార్గెట్ (కలిపి నడిపే సమూహం) కిందకు చేర్చాను. ఈ వరుస ముఖ్యం. సినాప్స్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు డేటాబేస్ పట్టికల నిర్మాణాన్ని మార్చేది ప్రధాన ప్రాసెస్ మాత్రమే, ఆ మార్పు పూర్తికానిదే వర్కర్లు నిలబడవు.

మధ్యాహ్నం భోజనాల వేళ, గదులు ఖాళీగా ఉన్నప్పుడు అన్నింటినీ ఆపి కొత్త అమరికతో మొదలుపెట్టాను. ఒక్కో వర్కర్ లాగ్‌ను ఒక్కో కిటికీలో తెరిచి, నా ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ లాగిన్ అయి చూశాను. రెండింటి సింక్ అభ్యర్థనలూ మొదటి సింక్ వర్కర్ లాగ్‌లోనే పడ్డాయి, రెండో దానిలో నా పేరు కనపడలేదు. అంటే హ్యాష్ సరిగానే పనిచేస్తోంది. ఇంకో సర్వర్‌లో ఉన్న మిత్రుడికి ఒక మాట పంపితే ఫెడరేషన్ సెండర్ లాగ్‌లో ఆ సర్వర్ పేరు కనపడింది, వెంటనే జవాబూ వచ్చింది.

సాయంత్రం మాస్టారు తన రోజువారీ పుటలు పంపడం మొదలుపెట్టారు. ఈసారి హెచ్‌టాప్‌లో మూడు గీతలు పైకి లేచాయి, ఏదీ నూరు దగ్గర ఆగిపోలేదు. బొమ్మలు ఇంకా వెళ్తూ ఉండగానే ఆయన రాసిన మాట గదిలో కనపడింది: "ఏడో పుటలో అరసున్న పోయింది, చూడండి." పుణెలో ఉండే సభ్యురాలు అదే నిమిషంలో సరిచేసి జవాబిచ్చారు.

సందేశాలను డేటాబేస్‌లో నమోదు చేసే పనిని ప్రస్తుతం ప్రధాన ప్రాసెస్‌కే వదిలాను. దాన్ని కూడా గదులవారీగా విడదీయవచ్చు కానీ, మా గదులు చిన్నవి, ఇప్పుడు ఆ ప్రాసెస్ చాలావరకు తీరికగానే ఉంటోంది. ఏ వర్కర్ ఏ పోర్టు మీద ఉన్నదో, ఏ దారి ఎటు వెళ్తుందో, మార్చేటప్పుడు వేటిని కలిపి ఆపాలో ఒక ఫైలులో తెలుగులో రాసి కాన్ఫిగరేషన్ పక్కనే ఉంచాను. నేను ఊళ్లో లేనప్పుడు సర్వర్ చూసే తమ్ముడు వచ్చే శనివారం ఆ ఫైలు ఒక్కటే ఆధారంగా వర్కర్లను ఒకసారి ఆపి, తిరిగి మొదలుపెట్టి చూస్తానన్నాడు.