తడి తలతో గడప దాటాను

జనవరి, ఆదివారం. విన్నిపెగ్, కెనడా.

పొద్దున లేచేసరికి మైనస్ 31. తలంటుకుని తుడుచుకుంటుంటే కారు గుర్తొచ్చింది. రాత్రి ప్లగ్ పెట్టడం మర్చిపోయాను. ఈ ఊళ్లో చలికాలంలో ప్రతి కారు ముందూ ఓ కరెంటు వైరు వేలాడుతుంటుంది. ఇంజన్ హీటర్‌కి కరెంటు ఇవ్వకపోతే ఇంత చలికి బండి స్టార్ట్ అవడం కష్టం. రెండు నిమిషాల పనే కదా అని కోటు తగిలించుకుని, టోపీ లేకుండా వెళ్లాను.

ముందు ముక్కుకి తెలిసింది. గాలి పీల్చగానే లోపలి తడి బిగుసుకుపోయింది. ప్లగ్ పెట్టి లేచేసరికి చెంప మీద ఏదో గీసుకుంది. చూస్తే నా జుట్టే! పాయలు పాయలుగా గడ్డకట్టి, ఎండిన కొబ్బరి ఈనెల్లా ఉంది. పట్టుకుంటే కరకరమంది.

పక్కింటి పెద్దావిడ మెట్ల మీద మంచు ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు ఆపేసి, "యూ విల్ క్యాచ్ యువర్ డెత్, డియర్! లోపలికి పో" అని కేకేసింది. ఆవిడ మొహంలో నిజంగానే కంగారు.

ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు. మనకి పడిశం పడుతుంది, జ్వరం పట్టుకుంటుంది. పట్టుకునేది రోగం, దొరికిపోయేది మనం. ఇంగ్లీషులో మాత్రం మనిషే వెళ్లి జలుబుని పట్టుకుంటాడు, చివరికి చావునీ పట్టుకుంటాడు. జలుబు వైరస్ వల్ల వస్తుందని, తడి తల వల్ల కాదని నాకు తెలుసు. కానీ ఆవిడ భయం జలుబు గురించి కాదు.

ఇక్కణ్ణించి గంటకి పైగా దక్షిణంగా వెళ్తే అమెరికా సరిహద్దు, ఎమర్సన్ ఊరు. 2022 జనవరి 19న ఆ ఊరి దగ్గరే గుజరాత్ నుంచి వచ్చిన నలుగురి కుటుంబం మంచులో గడ్డకట్టి చనిపోయింది. అమ్మా నాన్నా, పదకొండేళ్ల పాప, మూడేళ్ల బాబు. సరిహద్దు ఇంకో 12 మీటర్లే. ఒంటి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే ప్రమాదం మొదలవుతుంది, 32 దాటి కిందికి దిగితే వణుకు కూడా ఆగిపోతుందంటారు. వణుకు ఆగడం మంచిదనుకునేదాన్ని నేను. ఆ మూడేళ్ల బాబుని తలుచుకున్నప్పుడల్లా మనసు మనసులో ఉండదు.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. రాజమండ్రిలో పొద్దున్నే పొగమంచు పడుతోందట. "చలి చంపేస్తోందే, రెండు దుప్పట్లు కప్పుకుంటున్నా. అక్కడెలా ఉంది?" అంది. చిన్నప్పుడు భోగిమంట చుట్టూ చేరి మేమూ రోజుకి పదిసార్లు అనేవాళ్లం ఆ మాట. ఇప్పుడూ నోటిదాకా వచ్చింది.

"చలిగానే ఉందమ్మా. టోపీ పెట్టుకుంటున్నా" అన్నాను.