పోయే రాయికి తోడు

ఆదివారం రాత్రి, సీతమ్మధార.

తెల్లవారుజాము నుంచి వాన విడవలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం కారణంగా ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారని పాలు పోసే అబ్బాయి చెప్పాడు. రైతుబజారుకు వెళ్లే పని తప్పింది కాబట్టి ఇంట్లో ఉన్న దొండకాయలతోనే వంట ముగించి, ఉదయం పది గంటలకల్లా పై అంతస్తులో ఉండే బాబాయ్ గారింటికి, నల్ల, తెల్ల రాళ్లతో చోటును చుట్టుముట్టే గో అనే ఆట ఆడడానికి వెళ్లాను. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. సరుకు రవాణా ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఆయన, బూసాన్ రేవులో ఓడ మరమ్మతుకు ఆగిన నెలల్లో ఈ ఆట నేర్చుకున్నారు. అందుకే జపాను వారు ఇగో అని, చైనా వారు వెయిచి అని పిలిచే ఈ ఆటను ఆయన ఇప్పటికీ కొరియా వారి మాటలో బదుక్ అనే అంటారు.

మా పలక ప్లైవుడ్ ముక్క. దాని మీద వడ్రంగి చేత అడ్డంగా పందొమ్మిది, నిలువుగా పందొమ్మిది గీతలు గీయించారు. గీతలు కలిసే 361 చోట్లలోనే రాళ్లు పెట్టాలి, గళ్లలో కాదు. అసలైన సరంజామాలో నల్లరాళ్లను పలకరాతితోను, తెల్లరాళ్లను ఆల్చిప్పలతోను చేస్తారట. మా దగ్గర నల్లరాళ్లకు బదులు చింతపిక్కలు, తెల్లరాళ్లకు బదులు బీచ్ రోడ్డులో కొన్న చిన్న గవ్వలు ఉన్నాయి. చింతపిక్క ఒకచోట నిలవదు, గవ్వ నిలిచినా ఊగుతూ ఉంటుంది. ఈ కారణంగా మే నెలలో కూడా ఆట నడిచినంతసేపు ఆయన ఫ్యాను ఆపేస్తారు. ఆయన కంటే నా ఆట బలహీనం కాబట్టి ఆట మొదట్లోనే ఐదు నల్లరాళ్లు పెట్టుకునే రాయితీ నాకు ఇస్తారు, అందుకే చింతపిక్కలు ఎప్పుడూ నావే.

నిన్న రాత్రి పదకొండు దాటే వరకు నేను ఒకే ఒక ఎత్తు గురించి చదువుతూ కూర్చున్నాను. నైపుణ్యంతో కూడిన ఎత్తును ఈ ఆటలో టెసుజి అంటారు. వాటిలో నిచ్చెన, వల వంటివి ప్రతి ఆటలోనూ ఎదురవుతాయి. కొన్ని మాత్రం ఏడాదికి ఒకటి రెండు సార్లు కూడా తటస్థపడవు. నేను చదివిన దానిని జపాను వారు సెకితో షిబోరి అంటారు. సెకితో అంటే రాతి స్తూపం, సమాధిరాయి అనే అర్థం కూడా ఉంది. షిబోరి అంటే పిండడం. శత్రువు రాళ్ల మధ్య, మూడో గీత మీద మన రాయి ఒకటి ఒంటరిగా చిక్కుకుందనుకుందాం. దాన్ని వదిలేయడం లోకరీతి. ఇక్కడ మాత్రం దాని కిందనే, రెండో గీత మీద, మరో రాయి పెట్టాలి. పోయే రాయికి ఇంకొక పోయే రాయిని తోడు పంపాలన్నమాట. ఆ రెండింటినీ పట్టుకోవడానికి ఎదుటివారు తమ ఊపిరులను, అంటే తమ రాళ్లను ఆనుకుని ఉన్న ఖాళీ చోట్లను, తామే మూసుకునే చోట్ల ఎత్తులు ఖర్చు చేయవలసి వస్తుంది. ఆ వ్యవధిలో మనం బయటి నుంచి బిగించుకుంటూ వచ్చి, అంచున ఒక రాయిని కావాలనే వాళ్ల నోటికి అందించి, వాళ్లు దాన్ని తీసిన వెంటనే మళ్లీ అటారి పెట్టాలి. అటారి అంటే ఒక్క ఊపిరే మిగిలిన స్థితి. ఖాళీ చోటును ఊపిరి అనడం నేను కల్పించిన మాట కాదు, చైనా వారు వాడే మాటకు కూడా అర్థం అదే.

చిన్నప్పుడు భీమిలి దగ్గర అమ్మమ్మ గారి ఊరిలో, రచ్చబండ మీద మూడు పులులు, పదిహేను మేకలతో పులిజూదం ఆడిన వారికి మేకను ఎర వేయడం కొత్త కాదు. పులి ఒక మేక మీదుగా దూకి దిగిన చోటే దాని దారులన్నీ మూసేస్తారు. అయితే ఎరగా వేసిన మేకకు తోడు ఇంకొక మేకను పంపమంటే మా అమ్మమ్మ నా నెత్తిన మొట్టి ఉండేది.

ఉదయం ఆట మొదలైన అరగంటకే, నాకు ఎడమచేతి వైపు మూలలో అటువంటి రూపం కనబడినట్టు అనిపించింది. నిజం చెప్పాలంటే కనబడలేదు, నేనే తయారుచేశాను. మామూలుగా అయితే కలిపేసుకునే రాయిని కలపకుండా వదిలి, ఆయన దాన్ని కోసేలా చేసి, లోపల సంబరపడుతూ రెండో చింతపిక్కను దాని కింద పెట్టాను. బాబాయ్ గారు కళ్లజోడు పైకి నెట్టి పలకను ఒకసారి, నన్ను ఒకసారి చూశారు. ఆ తర్వాత ఆరేడు ఎత్తులు చదివిన ప్రకారమే నడిచాయి. అంచున రాయిని విసిరాను, ఆయన తీశారు, నేను బిగించాను. ఆయన నా రెండు రాళ్లను ఎత్తి డబ్బా మూతలో వేసుకున్నప్పుడు మాత్రం, ఆయన పెట్టిన గవ్వ నా బయటి రాయిని కూడా అటారిలో పెట్టిందని గమనించాను. దాన్ని కాపాడుకోవడానికి ఒక ఎత్తు పోయింది. ఎవరి రాళ్లు ముందు పట్టుబడతాయనే ఊపిరుల పందెంలో గెలుపోటముల మధ్య ఉన్న తేడా కూడా ఆ ఒక్క ఎత్తే. మూలలో ఉన్న పదకొండు చింతపిక్కలూ ఒకదాని వెంట ఒకటి మూతలోకి వెళ్లాయి.

"ఏటమ్మా, రాత్రి ఏదో చదివినట్టున్నావు?" అన్నారు.

"అవును బాబాయ్ గారూ, పుస్తకంలో ఇలాగే ఉంది."

"లోపలి రాయికి తోడు పెట్టావు, బాగుంది. బయట తోడు లేకుండా ఉన్న రాయిని ఎవరు చూస్తారు?"

అంతకు మించి ఆయన ఏమీ అనలేదు. 1846లో, పదిహేడేళ్ల జపాను ఆటగాడు షుసాకు తన 127వ ఎత్తు పెట్టినప్పుడు, ప్రత్యర్థి గెన్నాన్ ఇన్సెకి చెవులు ఎర్రబడ్డాయని, ఆట తెలియకపోయినా ఆ చెవులను చూసి షుసాకు గెలుస్తాడని అక్కడున్న ఒక వైద్యుడు చెప్పాడని కథ ఉంది. ఇవాళ ఆ గదిలో వైద్యుడు ఉండి ఉంటే చూడవలసినవి నా చెవులే. బాబాయ్ గారు ఈ వానకే మఫ్లరు చుట్టుకున్నారు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. వాషింగ్ మెషీనులో నీళ్లతో నిండి ఆగిపోయిన దుప్పటిని మా వారు ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని బాల్కనీలో పిండవలసి వచ్చింది. ఇద్దరం ఎదురెదురు దిక్కులకు మెలితిప్పుతుంటే నీరు మధ్య నుంచి కాక, నా పట్టు వదులుగా ఉన్న వైపు నుంచి మోచేతి మీదుగా చీర కుచ్చిళ్లలోకి కారింది. షిబోరి అనే మాటకు అర్థం పిండడమని రాత్రి చదివినప్పుడు అదొక అలంకారం అనుకున్నాను. బయటి పట్టు గట్టిగా లేనిదే ఎంత తిప్పినా ప్రయోజనం లేదని వాళ్లు బట్టలు పిండే పెట్టారేమో ఆ పేరు! మా వారికి ఈ సంగతి చెబితే, ముందు దుప్పటి సరిగ్గా పట్టుకో అన్నారు.

అన్నం తిన్నాక కాసేపు పడుకుని 2016 మార్చిలో సియోల్‌లో కొరియా ఆటగాడు లీ సెడోల్‌కు, ఆల్ఫాగో అనే కంప్యూటరు ప్రోగ్రాముకు మధ్య జరిగిన అయిదు ఆటల గురించి ఆలోచించాను. ఆల్ఫాగో 4-1తో గెలిచింది. రెండో ఆటలో అది పెట్టిన 37వ ఎత్తు అయిదో గీత మీద పడింది. మనిషి ఆ ఎత్తు పెట్టే అవకాశం పదివేలలో ఒకటని దాని లెక్కే చెప్పింది. నాలుగో ఆటలో లీ తెల్లరాళ్లతో ఆడుతూ 78వ ఎత్తుగా రెండు నల్లరాళ్ల నడుమ ఒక రాయిని చీలలా దిగగొట్టాడు. దాన్ని దైవదత్తమైన ఎత్తు అన్నారు. నేను కూడా ఆ ఒక్క రాయి బొమ్మనే ఫోనులో దాచుకున్నాను. అయితే ఇవాళ ఆ ఆటను మొదటి నుంచి వేసి చూస్తే, అప్పటివరకు లీ అంచుల వెంబడి భూమిని పోగుచేసుకుంటూ, మధ్య భాగమంతా ఆల్ఫాగోకు వదిలేశాడని తెలుస్తుంది. ఆ మధ్య భాగంలో అక్కడక్కడా ఊపిరాడక మిగిలిన కొన్ని తెల్లరాళ్లు లేకపోతే 78వ ఎత్తుకు పని లేదు. పైగా, నల్లరాయి సరిగ్గా జవాబు చెప్పి ఉంటే అది ఫలించేది కాదని తర్వాత పరిశీలించిన వారు చెప్పారు. ఆల్ఫాగో 79వ ఎత్తులో పొరపాటు చేసి కూడా 87వ ఎత్తు ప్రాంతం వరకు తన గెలుపు అవకాశం డెబ్బై శాతం అనే లెక్కవేసుకుంది. జరిగిన పొరపాటు ఎనిమిది ఎత్తుల తర్వాత తెలియడం నాకు కొత్త కాదు కాబట్టి, ఆ యంత్రం మీద నాకు కొంచెం జాలి కూడా కలుగుతుంది.

అరుదైన ఎత్తులను చదవడం తప్పు అని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు. చదవకపోతే, వచ్చినప్పుడు గుర్తుపట్టడం ఎలా? నా చిక్కు వేరే చోట ఉంది. కొత్త చీర కట్టుకోవడానికి పెళ్లి కోసం ఎదురుచూసినట్టు, నేర్చుకున్న ఎత్తుకు తగిన చోటు కోసం నేను పలకంతా వెతుకుతున్నాను. అలా వెతుకుతున్నంతసేపు పలక మీద నిజంగా ఏమి ఉందో కంటికి ఆనదు. ఎదుటివారు తీసేసిన రాళ్ల ఖాళీలోనే మళ్లీ రాయి పెట్టి, తీసినవారినే పట్టేసే 'రాళ్ల కింద' అనే ఎత్తు చదివిన వారం కూడా నా పరిస్థితి ఇదే. ఆ వారం రోజులూ నాలుగేసి రాళ్లను ఉత్తపుణ్యానికి దానం చేశాను. ఆఫీసులో ఖాతాలు చూసేటప్పుడు తేడా ఎంత వచ్చిందో ముందే ఊహించుకుని దానికి తగిన పద్దు కోసం వెతకడం నేను ఏనాడూ చేయలేదు. ఇక్కడ మాత్రం రోజూ అదే చేస్తున్నాను.

నాలుగు గంటలకు రెండో ఆట ఆడాము. ఈసారి సమాధిరాళ్ల ఊసెత్తకుండా, రాళ్లను కలిపే చోట కలిపి, అంచు మూసే చోట మూసి, మామూలుగా ఆడాను. చివరికి లెక్కపెడితే ఆరు తేడాతో ఓడిపోయాను. ఆయనతో నాకు అది మంచి ఆటే. గవ్వలు డబ్బాలో వేయబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, కుడి వైపున ఒక పదిహేను ఎత్తులు వెనక్కి తీసి, అక్కడ నేను ఒక రాయిని ఆయనకు అందించి ఉంటే, దాన్ని తీసిన మరుక్షణం అదే ఖాళీలో మళ్లీ పెట్టి ఏడు గవ్వలను ఎత్తుకునేదాన్నని చూపించారు. అది అరుదైన ఎత్తు కాదు. ఆట నేర్చుకునే పిల్లలకు రెండో వారంలో చెప్పే పాఠం, మూడేళ్ల క్రితం ఇదే బల్ల దగ్గర ఆయనే నాకు చెప్పిన పాఠం. ఒకటి ఇచ్చి ఏడు తీసుకునే చోటును నేను రెండుసార్లు దాటి వెళ్లాను.

"సమాధి గురించి ఆలోచించావా ఈసారి కూడా?" అని నవ్వారు. లేదని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర అయింది. వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో తొమ్మిది గీతలు అడ్డంగా, తొమ్మిది నిలువుగా గీసి, నల్లరాళ్లకు శనగలు, తెల్లరాళ్లకు బొబ్బర్లు పెట్టి ఆ కుడివైపు భాగాన్ని మళ్లీ పేర్చాను. ఒక్క బొబ్బర గింజ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆయన గవ్వ రెండో గీత మీద ఉందో, మూడో గీత మీద ఉందో గుర్తు రావడం లేదు. రెండో గీత మీద ఉంటే ఆ ఎత్తు ఫలిస్తుంది, మూడో గీత మీద ఉంటే ఆయన గుంపుకు ఇంకొక ఊపిరి మిగులుతుంది. రేపు ఆఫీసుకు బయలుదేరే ముందు పైకి వెళ్లి అడగాలి, ఆయనకు తప్పకుండా గుర్తుంటుంది. అంతవరకు గచ్చు తుడవవద్దని ఇంట్లో చెప్పి, గింజను రెండో గీత మీదే ఉంచాను.