50 కోట్ల ఏళ్లు, 20 నిమిషాలు

నిన్నటితో నా ఎమ్మెస్సీ జియాలజీ వైవా అయిపోయింది. 20 నిమిషాలు. దానికోసం ఆర్నెల్లు సరిగ్గా నిద్ర లేదు.

నా థీసిస్ తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపించే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ మీద. అంటే, మధ్య కాలపు రాళ్లేవీ లేకుండానే పాత రాయి మీద కొత్త రాయి కూర్చున్న చోటు. కింద 210 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైటు, దాని నెత్తిన సుమారు 160 కోట్ల ఏళ్లనాటి నగరి క్వార్ట్‌జైటు. రెండింటి మధ్య ఒక్క గీత. ఆ గీతలోనే దాదాపు 50 కోట్ల ఏళ్లు గల్లంతు! చిన్నప్పట్నుంచీ గోవిందా గోవిందా అంటూ బస్సులో దాని పక్కనుంచే పోయాను, ఒక్కసారీ చూళ్లేదు.

వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సార్ థియరీ జోలికే పోలేదు. ఒక ఫొటో మీద వేలు పెట్టి, "ఇందులో స్కేల్ ఏదమ్మా?" అన్నారు. రాయి సైజు తెలియడానికి పక్కన సుత్తో పెన్నో పెట్టి తీయాలి. నేను పెట్టిన పెన్ను జారిపోయింది. వెనక బస్సు హారన్ కొడుతుంటే కంగారులో అలాగే తీసేశాను. నోరెండిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశా. సార్ నవ్వేశారు. మా గైడ్ మేడమ్ మాత్రం ఫ్యాన్ వంక చూస్తూ కూర్చున్నారు.

(బైండింగ్ షాపులో అట్ట మీద బంగారు అక్షరాల్లో 'జియోగ్రఫీ' అని కొట్టిన సంగతి ఇంకోసారి. ఇంకా కోపం తగ్గలేదు.)

అమ్మకి ఫోన్ చేస్తే, "ఏం మే, రాళ్ల గురించి కూడా అన్ని ప్రశ్నలుంటాయా?" అంది. ఈసారి కొండకు పోయినప్పుడు కిటికీ సీటు అమ్మకే.